బాలనర్సమ్మ కూల్చిన విమానం

బాలనర్సమ్మకు ఈ లోకంలో రెండే రెండు పడవు. ఒకటి, తన పచ్చగడ్డి మడిలో మూతి పెట్టే బాబా మియా మేకలు. రెండోది, తన కొట్టం మీదుగా పోయే విమానం. మేకలనైతే కర్రతో అదిలించవచ్చు. విమానాన్ని ఏం చేయాలో ఆమెకు రెండేళ్లుగా తోచలేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, తారు రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే వాళ్ల ఊరు. ఊరి వెనక గుట్ట పక్కన ఎవరో నగరం వాళ్లు భూమి కొని, చదును చేసి, విమానం నడపడం నేర్పే క్లబ్బు పెట్టారు. పేరుకు క్లబ్బే గాని, ఉన్నది ఒకటే విమానం. రెండు సీట్లది, తెల్లది, ఆటోకు రెక్కలు పెట్టినట్టు ఉంటుంది. చప్పుడు మాత్రం ఊరంతటికీ సరిపోయేది. అది రోజూ పొద్దున ఆరున్నరకు లేచి, సరిగ్గా బాలనర్సమ్మ కొట్టం మీదుగా, తాటిమట్టలు ఊగేలా పోయేది.

ఆరున్నర అంటే బర్రె చేపే వేళ. దూడను విడిస్తే అది నాలుగు గుటకలు తాగి, తలతో పొదుగును కుమ్ముతుంది. తల్లికి ప్రేమ పొంగి పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. ఆ ఘడియ తప్పిందంటే బ్రహ్మదేవుడు దిగి వచ్చి పిండినా చుక్క రాలదు. బాలనర్సమ్మ బర్రె పేరు ముత్తెవ్వ. విమానం మోత చెవిన పడగానే ముత్తెవ్వ దిగిన పాలను దిగినట్టే పైకి ఎగజేపి, వెనక కాలు విసిరి చెంబును తన్నేది. పాలు పోసే పని ఆమె భర్త గౌరయ్యది. మోపెడ్ మీద మచ్చ బొల్లారం పోయి, ఖాళీ క్యాన్లు చూపించి, "విమానం వచ్చిందమ్మా, గందుకే పాలు లెవ్వు" అనేవాడు. కాలనీ ఆడవాళ్లు నవ్వేవారు. పాలవాళ్లు చెప్పే సాకుల్లో ఇంత కొత్తది తామెప్పుడూ వినలేదన్నారు.

అడిగేదేదో అడిగేద్దామని బాలనర్సమ్మ ఒకరోజు క్లబ్బు గేటు దాకా పోయింది. అక్కడ నేర్పే సారు ఎర్ర టోపీ పెట్టుకుని ఉంటాడు. ఆ టోపీ ఆయన విమానంలో పోతున్నప్పుడు అద్దంలోంచి కింది దాకా కనిపిస్తుంది.

"గాలి ఎటు నుంచి వస్తే అటే లేవాలమ్మా. అది మా చేతుల్లో లేదు. మీ బర్రె టైమే కొంచెం మార్చుకోండి" అన్నాడాయన.

"పొద్దుగాల చెంబు వట్టుకొని పోయేటోనివి, నిన్ను మాపటిదాక ఆగుమంటె ఆగుతవా సారూ?" అంది బాలనర్సమ్మ.

గేటు వేసేశారు. సర్పంచ్ దగ్గరికి పోతే, ఆకాశం గ్రామ పంచాయతీ కిందికి రాదన్నాడు. ఇంక మనుషులతో అయ్యేది కాదని ఆమెకు అర్థమైంది. ఆషాఢ మాసం మంగళవారం పొద్దున తలంటుకుని, తమ పొలం గట్టున ఉన్న మైసమ్మ ముందు నిలబడింది. చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని మరీ మొక్కింది.

"తల్లీ మైసమ్మా, గా ఎర్ర టోపీవోని ఇమానం కింద పడాలె. బురదల పడాలె. పడ్తె నీకు నల్ల యాటను గోస్త."

కోపంలో ఉన్న మనిషి అంతకన్నా దూరం ఆలోచించదు. ఎర్ర టోపీ బురదలో కూర్చుని ఉంటే తాను గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడటం దాకా ఆమె ఊహ పోయింది. అక్కడే ఆగింది.

బుధవారమంతా వాన. గురువారం పొద్దున విమానం కొట్టం మీదికి వచ్చి, టప్ టప్ మని రెండుసార్లు దగ్గింది. బాలనర్సమ్మ చెంబు కింద పెట్టి బయటికి వచ్చి చూసింది. అద్దంలో ఎర్ర టోపీ. శుక్రవారం మళ్లీ ఎర్ర టోపీయే, నాలుగు దగ్గులు. మైసమ్మ పని మొదలుపెట్టిందని ఆమెకు తెలిసిపోయింది. ఆ రోజు ముత్తెవ్వ చెంబు తన్నినా తిట్టలేదు.

శనివారం బర్రె కింద కూర్చుని ఉండగా విమానం లేచిన మోత వినిపించింది. టప్ మంది. మళ్లీ టప్ మంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. రెండేళ్లలో మొదటిసారి ఆ వేళప్పుడు పిచ్చుకల అరుపులు వినిపించాయి. కొట్టం మీదుగా పెద్ద నీడ ఒకటి సర్రున జారింది, తాటిమట్ట విరిగింది, గడ్డి మడి పరపరా చీలింది, చివరికి మెత్తగా ధబ్బుమంది.

ముత్తెవ్వ ఆ పొద్దున పొదుగునిండా చేపింది. పిండే మనిషి పరుగెత్తిపోవడంతో పాలన్నీ దూడే తాగింది.

విమానం గడ్డి మడిలో దిగి, జారి, చివరన ఉన్న పెంటకుప్పలోకి రెక్కల దాకా దూరి ఆగింది. రెండేళ్లుగా ఎత్తకుండా వదిలేసిన కుప్ప, వానకు నాని బాగా మెత్తబడి ఉంది. బాలనర్సమ్మ గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది. ఎర్ర టోపీ బయటికి వస్తే అనాల్సిన మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. తలుపు తెరుచుకుంది. తల నుంచి కాళ్ల దాకా పేడతో ఒక ఆడపిల్ల బయటికి వచ్చింది. ఒక కాలికి బూటు లేదు.

"ఇది మీ గడ్డేనా పెద్దమ్మా? ఖరాబ్ చేసిన. ఏమనుకోకు" అంది ఆ పిల్ల. అని, నిలబడ్డచోటే గడగడా వణకడం మొదలుపెట్టింది.

బాలనర్సమ్మ చేతులు నడుము మీది నుంచి జారిపోయాయి. ఆ పిల్లకు ఇరవై ఏళ్లు ఉంటే ఎక్కువ. ఇందులో ఇంకొకరు కూడా కూర్చుంటారని, వాళ్లకూ ఒక తల్లి ఉంటుందని తాను మొక్కేటప్పుడు ఒక్కసారైనా అనుకోలేదే! పోయి ఆ పిల్లను పేడతో సహా కౌగిలించుకుంది.

కాగులో వేడినీళ్లు ఉన్నాయి. ఆమెకు తలంటి, తన నీలం చీర కట్టించి, గ్లాసు నిండా చాయ పోసింది. పిల్ల పేరు వర్ష. ఇల్లు గాజులరామారంలో. నాయిన లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. రోజూ చీకటితోనే లేచి రెండు బస్సులు మారి వస్తుందట. పక్కన సారు లేకుండా ఒక్కతే ఎగరడం అదే మొదటిసారట.

"దిగుతనని అనుకోలే పెద్దమ్మా. గడ్డి పచ్చగ కనవడ్డది, గటే తిప్పిన" అంది వర్ష.

అంతలో ఎర్ర టోపీ జీపులో వచ్చాడు. ముందు రెక్కలు చూశాడు, తర్వాత చక్రాలు చూశాడు, అన్నిటికన్నా చివర వర్షను చూశాడు.

"ఏం మర్చిపోయావ్? ఏం నొక్కావ్?"

"ఏం నొక్కలేదు సార్. ఇంజన్ ఆగిపోయింది."

"ఇంజన్ దానంతటది ఆగదు. మొన్నా నిన్నా నేనే నడిపాను, బంగారంలా ఉంది. తప్పు నీదే" అన్నాడాయన.

బాలనర్సమ్మ చాయ గిన్నె మీద చూపు దించుకుంది. తప్పు ఎవరిదో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నానికి టీవీ వాళ్లు వచ్చారు. సాయంత్రానికి జనం. విమానం దగ్గర ఫోటోలు దిగేవాళ్లను బాబా మియా తన మేకల కర్రతో వరసలో నిలబెట్టాడు. ఎవరూ అడగకుండానే కాపలా తీసుకున్నాడు. గౌరయ్య టీవీలో వచ్చాడు. "పిల్లను కాపాడింది మా పెంటకుప్పనే. రెండేండ్ల సంది ఎత్తుమని మా ఇంటామె చెవిల ఇల్లు కట్టుకొని పోరింది. ఎత్తితె ఏమైతుండె జెప్పుర్రి?" అన్నాడు. బద్ధకానికి అంత గౌరవం దక్కిన మనిషి ఆ మండలంలో ఇంకొకడు లేడు.

బాలనర్సమ్మకు మాత్రం రెండు రోజులు ముద్ద దిగలేదు. మొక్కు చెల్లించకపోతే మైసమ్మ ఊరుకోదు. చెల్లిస్తే, ఎందుకు మొక్కావని ఊరు అడుగుతుంది. ఆమె భర్తను చుట్టూ తిప్పి అడిగి చూసింది.

"ఇమానం కూలగొట్టినోళ్లకు ఎన్నేండ్లు ఏస్తరయ్యా?"

"ఎవలు కూలగొట్టిన్రు?"

"ఊకెనే అడిగిన తియ్."

సోమవారం కబురు తెలిసింది. విమానం ఎందుకు పడిందో తేల్చడానికి మరునాడు పెద్ద సార్లు వస్తున్నారట. తప్పు వర్షదేనని తేలితే ఆ పిల్లను క్లబ్బు నుంచి తీసేస్తారట. ఇంక జన్మలో ఎగరనివ్వరట. ముందు మైసమ్మ బాకీ తీరిస్తే, తర్వాత తల్లే ఏదో దారి చూపిస్తుందనుకుంది బాలనర్సమ్మ. బాబా మియా మందలోంచి నల్ల మేకపోతును మాట్లాడుకుంది. బర్రె మంచిగా చేపాలని మొక్కుకున్నానని అందరికీ చెప్పింది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఆ ఊళ్లో ఎవరి యాట తెగినా కత్తి బాబా మియాదే. ఆయన చేత్తో తెగితేనే ఊరంతా, అన్ని ఇళ్లవాళ్లూ తింటారు. కాని కత్తి లేవాలంటే ముందు మైసమ్మ ఒప్పుకోవాలి. యాట వీపు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే మొక్కులో ఏదో మాట దాచారన్నట్టు.

మంగళవారం పది గంటలకు పసుపు నీళ్లు పోశారు. మేకపోతు కదల్లేదు. ఇంకో చెంబు పోశారు. మేకపోతు వేపమండ నోట కరుచుకుని నమలడం మొదలుపెట్టింది. మూడో చెంబుకు కళ్లు మూసుకుంది.

"చెల్లే, బాత్ క్యా హై? యాట నీ దిక్కే సూస్తాంది. మొక్కు సక్కగ జెప్పినవా లేదా?" అన్నాడు బాబా మియా, కత్తి చంకలో పెట్టుకుని.

"చెప్పిన గదన్నా, బర్రె చేపాలని."

"గంతేనా?"

"గంతే" అంది బాలనర్సమ్మ.

నలభై అడుగుల దూరంలో, పెంటకుప్ప దగ్గర, విమానం చుట్టూ సార్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో పెద్దాయన పేరు లింగస్వామి. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో కాగితాల అట్ట. ఎర్ర టోపీ ఆయనకు వివరంగా చెబుతున్నాడు. మంటలు వస్తాయేమోనని ట్యాంకులో పెట్రోలు ఆ రోజే తీసేశామన్నాడు. ఇంజన్‌లో లోపం లేదన్నాడు. అమ్మాయి కంగారుపడిందన్నాడు. వర్ష తల వంచుకుని నిలబడి ఉంది. ఉతికి మడత పెట్టిన నీలం చీర ఆమె చంకలో ఉంది, తిరిగి ఇవ్వడానికి తెచ్చింది.

"అయితే తప్పు అమ్మాయిదేనని రాసుకోనా?" అన్నాడు లింగస్వామి.

బాలనర్సమ్మ ఆ చీరను చూసింది. మేకపోతును చూసింది. చేతిలో చెంబు కింద పారేసింది.

"రాయకుర్రి సారూ! ఆ పిల్లది తప్పు గాదు. కూలగొట్టింది నేను!"

కత్తి బాబా మియా చంకలోంచి జారి కింద పడింది. గౌరయ్య నోరు తెరిచి మూయలేదు. లింగస్వామి కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వచ్చాడు.

"ఎలా కూలగొట్టావమ్మా? రాయి విసిరావా?"

"రాయి ఎందుకు సారూ. మొక్కిన. గీ తల్లికే మొక్కిన, ఇమానం బురదల పడాలని. పడ్డది. జేలుకు నన్ను తోల్కపోర్రి, పిల్లనిడిసిపెట్టుర్రి."

సార్లందరూ ఒక్కసారి పకపకా నవ్వారు. ఎర్ర టోపీ అందరికన్నా ఎక్కువ నవ్వాడు. బాలనర్సమ్మకు ఒళ్లు మండింది. జైలుకైనా పోతుంది గాని, మైసమ్మను నవ్వులపాలు చేస్తే ఆమె పడదు.

"నవ్వకుర్రి! మంగళారం మొక్కిన. గురువారం నుంచే దానికి దగ్గు తలిగింది. తల్లి ఒక్కపెట్టున పడగొట్టలే. గురువారం రెండుసార్లు దగ్గించింది, శుక్రారం నాలుగు దగ్గులు. అప్పుడు లోపలున్నది గీ ఎర్ర టోపీ సారే, నేను సూసిన. గాయినకు ఇషార జేసింది తల్లి. గాయిన ఇనలే. శనివారం పిల్లను ఎక్కిచ్చిండు!"

లింగస్వామి నవ్వు అక్కడే ఆగిపోయింది.

"దగ్గా? ఎలా దగ్గింది?"

"ఎట్ల దగ్గుతదో దగ్గింది."

"చేసి చూపించగలవా?"

రెండేళ్లుగా రోజూ ఆ చప్పుడు వింటూ తిట్టిన మనిషి ఆమె. దాని ప్రతి మలుపూ ఆమెకు నోటికి వచ్చు. కొంగు బిగించి, బుగ్గలు ఉబ్బించి, ముందు లేచే మోత మొదలుపెట్టింది. గుర్రుమని పెంచింది. తాటిచెట్ల దాకా తెచ్చింది. అక్కడ టప్, టప్ మని రెండు దగ్గులు దగ్గి, మధ్యలో ఊపిరి తెగినట్టు ఆపి, మళ్లీ అందుకుంది. కొట్టంలో ముత్తెవ్వ ఆ చప్పుడు విని గుంజ పెరికి, ఖాళీ చెంబును వాకిట్లోకి ఎగరదన్నింది. చెంబు దొర్లుతూ వచ్చి ఎర్ర టోపీ కాళ్ల దగ్గర ఆగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. లింగస్వామి ఎర్ర టోపీ వైపు తిరిగాడు.

"ఇది పెట్రోలులో నీళ్లు చేరిన దగ్గు. ముప్పై ఏళ్లుగా వింటున్నాను. మీ డ్రమ్ములెక్కడ ఉన్నాయి?"

ఎర్ర టోపీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. డ్రమ్ములు క్లబ్బు వెనక, రేకులు లేని చోట, బుధవారం వానలో మూత సరిగా పట్టకుండా ఉన్నాయి. అరగంటలో గాజు సీసాలో నమూనా తెచ్చారు. పైన పెట్రోలు, అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు. రెండు రోజులు ఇంజన్ దగ్గినా చెప్పలేదు, రాయలేదు, విమానం ఆపలేదు అన్నది కాగితం మీదికి ఎక్కింది. ఇంజన్ ఆగాక కంగారుపడకుండా ఇళ్లను తప్పించి గడ్డిలో దించినందుకు వర్ష పేరు కూడా ఎక్కింది. బాలనర్సమ్మ సాక్షి సంతకం పెట్టేముందు అంతా చదివించుకుని విన్నది.

"మైసమ్మ ముచ్చటేది సారూ?"

"అది మా కాగితంలో పట్టదమ్మా" అన్నాడు లింగస్వామి, చాలా మర్యాదగా.

వర్ష వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నా మీద గంత కోపమెందుకు పెద్దమ్మా?" అని అడిగింది, నవ్వుతూనే గాని కళ్లలో నీళ్లతో.

"నీ మీద గాదు బిడ్డా. నువ్వు ఉన్నవని నాకు తెల్వదు" అంది బాలనర్సమ్మ. అని కళ్లు తుడుచుకుని, మైసమ్మ వైపు తిరిగింది. "తల్లీ, తప్పు మొక్కు మొక్కిన. వాపస్ తీస్కుంట. గీ పిల్ల మళ్ల ఎగరాలె. ఎగిరి సక్కగ దిగాలె. గప్పుడిస్త నీ యాటను."

మేకపోతు కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది. పసుపు నీళ్లు లింగస్వామి తెల్ల చొక్కా నిండా చిందాయి.

"ఒప్పుకున్నది! ఒప్పుకున్నది!" అంటూ బాబా మియా కత్తి తీశాడు. బాలనర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆగన్నా. ఇప్పుడు గాదు. పిల్ల ఎగిరి దిగినంక."

"ఒప్పుకున్నంక ఆపుతరా చెల్లే ఎవరన్న? కూర తినేతందుకు ఊరంత కూసున్నది."

"పప్పు తినుమను" అంది బాలనర్సమ్మ.

దసరా పోయాక క్లబ్బుకు కొత్త సారు వచ్చాడు. డ్రమ్ములకు గది కట్టారు. ఒక సాయంత్రం వర్ష కొట్టం దగ్గరికి వచ్చి, గడప మీద కూర్చుంది.

"రేపు మళ్ల ఒక్కదాన్నే ఎగుర్తున్న పెద్దమ్మా. గాలి ఇటే ఉన్నదంట. ఆరున్నరకే. బర్రె..."

"బర్రె సంగతి నీకెందుకు? నువ్వు ముంగట సూస్కో" అంది బాలనర్సమ్మ.

మరునాడు ఆరున్నరకు దూడను విడిచి చెంబు పట్టుకుంది. మోత లేచింది. ముత్తెవ్వ పాలు ఎగజేపి, కాలు విసిరి చెంబును తన్నింది. బాలనర్సమ్మ తిట్టలేదు, చెంబును చూడనైనా చూడలేదు. బయటికి పరుగెత్తి, వాకిట్లో చెవులు రిక్కించి నిలబడింది. విమానం తాటిచెట్ల దాకా వచ్చింది. దగ్గుతుందేమోనని ఊపిరి బిగబట్టింది. దగ్గలేదు. గుట్ట చుట్టూ తిరిగి, మూడు చుట్లు కొట్టి, మెల్లగా కిందికి పోయింది. మోత ఆగాక కూడా ఆమె అలాగే నిలబడింది. చాలాసేపటికి గుట్ట అవతల నుంచి చప్పట్లు వినిపించాయి.

మేకపోతు గడ్డి మడిలో తీరిగ్గా మేస్తోంది. "దిగింది గద. ఇగ యాట సంగతేంది?" అన్నాడు గౌరయ్య.

"రేపు గూడ ఎగుర్తది గద పిల్ల. రేపు గూడ దిగాలె. ఉండనీ" అంది బాలనర్సమ్మ. ఆ రేపు రోజూ వస్తూనే ఉంది. మేకపోతుకు గడ్డం పెరిగింది.

ఆ మొదటి పొద్దున గౌరయ్య ఖాళీ క్యాన్లు మోపెడ్‌కు తగిలించుకుని తల గోక్కున్నాడు. "మచ్చ బొల్లారం వోళ్లకు ఏమని జెప్పాలె? ఇమానమంటె మళ్ల నవ్వుతరు."

"ఇమానమని ఎందుకంటవు?" అంది బాలనర్సమ్మ, పైకి చూస్తూ. "మా పిల్ల మీదికెళ్లి పోయింది, గందుకే పాలు లెవ్వని జెప్పు."